శనగగింజంత మందు

మా ఇంట్లో అద్దాలు మూడు. ఒకటి బీరువాకు ఉన్నది, రెండవది స్నానాలగదిలోది, మూడవది నా పెళ్లినాడు లాడ్ బజారులో కొన్న పూసలచట్రం అద్దం. ఒక సంక్రాంతి వెళ్లిన మర్నాడు నేను నిద్రలేచేసరికి ఆ మూడింటిమీదా పాత దినపత్రికలు అంటించి ఉన్నాయి. అంటించింది మా అమ్మాయి.

"ఇదేమిటే?" అన్నాను.

"ఎవరి మొహం ఎలా ఉంటుందో వాళ్లకు గుర్తే కదమ్మా, చూసుకోవడం దేనికి?" అని దుప్పటి ముసుగు పెట్టుకుని గోడవైపు తిరిగింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల. ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు. తరువాత పన్నెండు రోజులు వెళ్లలేదు.

నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని. ప్రబంధ నాయికల ముఖవర్ణన ఏటా చెబుతాను. చంద్రబింబాలు, తామరపూలు, అద్దాలవంటి చెక్కిళ్లు! నేను చదివినంతలో ఏ కవీ తన నాయిక బుగ్గమీద ఒక్క మొటిమనయినా లేవనివ్వలేదు. వైద్యులే నయం. సుశ్రుతుడు వీటికి 'ముఖదూషిక' అని పేరుపెట్టి, బూరుగుచెట్టు ముళ్లతో పోల్చాడు. బూరుగు మానును దగ్గరనుంచి చూసినవారికి ఆ ఉపమానం ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. నాకు మరీ బాగా తెలుసు. పదిహేనో ఏట మొదలుపెట్టి పాతికో ఏటిదాకా ఆ ముళ్లు నా చెంపలమీదే కాపురం చేశాయి.

మా అమ్మ దగ్గర వాటికి ఒకటే మందు ఉండేది. "పెళ్లయితే అవే పోతాయి" అనే మాట. పెళ్లిచూపులకు పంపే ఫోటోలో స్టూడియో ఆయన నా చెంపలను ఎంత నునుపు చేశాడంటే, చూడవచ్చినవారు నన్ను పెళ్లికూతురి అక్కగారనుకున్నారు. సరే, పెళ్లయింది. అవి పోలేదు. మరి మూడేళ్లకు వాటంతట అవే పోయాయి. పోతూ పోతూ గుంటలు మిగిల్చిపోయాయి.

ఇంత అనుభవం ఉన్నదాన్ని, నా కూతురికి పదహారో ఏట మొటిమలు లేస్తే ఏం చెప్పాలి? డాక్టరు దగ్గరకు పద, అనాలి. నేను అనలేదు. "వయసువి, అవే పోతాయి, గిల్లకు" అన్నాను. మా అమ్మ మాటలో పెళ్లి ఒక్కటి తీసేసి మిగతాది అలాగే అప్పజెప్పాను. ఇది నా మొదటి తప్పు.

మేము ఉండేది గౌలిపురాలో. హైదరాబాదు పాతబస్తీలో ఉండేవారికి వైద్యానికి లోటు లేదు. చార్మినార్ ప్రక్కనే యునానీ ఆసుపత్రి, మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, పత్తర్‌గట్టీ వైపు నడిస్తే ముల్తానీ మట్టి, గులాబీనీరు అమ్మే దుకాణాలు. ఇవిగాక ఇంటింటా ఒక వైద్యురాలు. మా అమ్మ సున్నిపిండి అంటుంది. ప్రక్కింటి ఖాలా గంధపుచెక్క అరగదీసి పంపుతుంది. ఎదురింటి పిన్నిగారు పచ్చి పాలు, బంగాళాదుంప రసం అంటారు. మా అమ్మాయి అన్నీ పూసుకుంది. కొన్నింటికి మొహం చల్లబడింది, కొన్నింటికి మండింది. మొటిమలు మాత్రం దేనికీ లొంగలేదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో ఉన్నట్టుండి పిల్ల మొహం బాగుపడడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఎర్రటి గడ్డలు అణిగాయి. రెండు వారాలకు మచ్చలు పలచబడ్డాయి. దీపావళినాటికి మొహం ఒకలాంటి తెల్లని నిగారింపుతో మెరవసాగింది. వీధిలో ఒకటే పొగడ్తలు. "ఎంత తెల్లబడిందమ్మా!" అన్నారు పిన్నిగారు. "మాషా అల్లా, చాంద్ కా టుకడా!" అంది ఖాలా.

నేను ఏమన్నాననుకున్నారు? లెక్చరరును, నాలుగు పుస్తకాలు చదివినదాన్ని. "ఇప్పుడు చూడు, ఎంత కళగా ఉన్నావో! అప్పుడే చెప్పలేదూ, అవే పోతాయని?" అన్నాను. దేనితో పోయాయో అడగలేదు. అది నా రెండవ తప్పు. మొదటిదానికంటే పెద్దది ఇదే. ఎందుకంటే, ఆ రోజు నా కూతురు ఒక క్షణం ఏదో చెప్పబోయి, నా సంతోషం చూసి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం నా కంట పడింది. పడినా పట్టించుకోలేదు.

సంక్రాంతి ముందర సంగతి బయటపడింది. పిల్ల ముగ్గు పెడుతూ ఎండలో పావుగంట కూర్చుంది. లోపలికి వచ్చేసరికి మొహం కందిపోయి మిరపపండులా ఉంది. "మండుతోందమ్మా" అని చన్నీళ్ల బక్కెటు ముందు కూలబడింది. దగ్గరగా చూశాను. చెంపమీద సన్నని ఎర్రటి నరాలు, దారప్పోగుల్లా. పైపెదవి మీదా, చెవులముందూ క్రొత్తగా నూగు. ఆ సాయంత్రమే పుస్తకాల అలమరలో, నా సొంత నిఘంటువు వెనుక, నాలుగు ఖాళీ ట్యూబులు దొరికాయి. మొదటిది ఖాలా వాళ్ల అమ్మాయి ఇచ్చిందట. మిగిలినవి వీధి చివరి మందుల దుకాణంలో కొన్నది. చీటీ ఎవరూ అడగలేదు. "క్రీము అయిపోయి మూడు రోజులు రాయకపోతే మొహమంతా మంట, గడ్డలు. రాస్తే తగ్గేది. అందుకని రాస్తూనే ఉన్నాను" అంది. అవి విసిరేయించాను. నాలుగు రోజుల్లో మొటిమలు మునుపటికి రెండింతలు లేచాయి. అద్దాలకు కాగితాలు అప్పుడే పడ్డాయి.

డాక్టరమ్మగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ ట్యూబు మీది చీమతలకాయలంత అక్షరాలు చదివించారు. చదివింది నేనే. అందులో మూడు మందులున్నాయి. ఒకటి హైడ్రోక్వినోన్, రంగు తగ్గించేది. రెండవది ట్రెటినోయిన్, విటమిన్ ఎ నుంచి వచ్చినది. మూడవది ఒక స్టెరాయిడ్. మొహాన్ని రెండు వారాల్లో మెరిపించింది ముఖ్యంగా ఆ మూడవదే. అది వాపునూ ఎరుపునూ అణచివేస్తుంది గాని, మొటిమ పుట్టే కారణాన్ని ముట్టుకోదు. నెలల తరబడి రాస్తే చర్మాన్ని పలచన చేస్తుంది, నరాలు పైకి తేలుస్తుంది, నూగు మొలిపిస్తుంది, పైగా తానే మొటిమలు పుట్టిస్తుంది. మానితే మంట. మంట తగ్గాలంటే మళ్లీ అదే.

"మీ అమ్మాయి ఒక్కతే కాదండీ" అన్నారావిడ. ఈ వ్యాధికి 'టాపికల్ స్టెరాయిడ్ డామేజ్డ్ ఫేస్' అన్న పేరు పెట్టింది మన దేశపు చర్మవైద్యులేనట. తరువాత నేను వెతికి చదివాను. మన దేశంలో 12 కేంద్రాలలో జరిపిన ఒక పరిశీలన 2011లో అచ్చయింది. మొహంమీది చర్మబాధలతో వచ్చిన 2926 మందిలో 433 మంది మొహానికి స్టెరాయిడ్లు రాస్తున్నవారే. వారిలో 100కు 29 మంది దాన్ని రంగు తేలే క్రీమనో, అన్నిటికీ పనికివచ్చే క్రీమనో అనుకుని రాశారు. 24 మంది మొటిమలకు రాశారు. పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ మీదే అమ్మాలని ప్రభుత్వం 2018లో షెడ్యూలు హెచ్‌లో చేర్చింది. చట్టం ట్యూబు మీద అచ్చయి ఉంది. మా అమ్మాయి ట్యూబు మీద కూడా ఉంది. చీటీ అడగడమన్నది మాత్రం దుకాణందాకా రాలేదు.

ఈ మూడు మందుల కలయిక ఊరికే పుట్టలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్, తన సహచరులతో కలిసి, ట్రెటినోయిన్ మొటిమలకు పనిచేస్తుందని 1969లో ప్రకటించాడు. 1971లో అక్కడి ప్రభుత్వం ఆ మందును అనుమతించింది. ఆ తరువాత 1975లో ఆయనే మరొక వైద్యునితో కలిసి, నల్లమచ్చలు తగ్గించడానికి ట్రెటినోయిన్‌కు హైడ్రోక్వినోన్‌నూ, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌నూ జోడించి ఒక సూత్రం చెప్పాడు. మంగుమచ్చలవంటి వాటికి, డాక్టరు కనుసన్నలలో, కొద్ది వారాలు వాడవలసిన కోవకు చెందిన మందు అది. స్టెరాయిడ్ మారింది గాని కూర్పు అదే. అదే మా వీధి చివర ఇంటికి తెల్లరంగు తెచ్చే సున్నంలా అమ్ముడుపోతున్నది.

ఆ క్లిగ్‌మన్ చరిత్ర కూడా మచ్చలేనిది కాదు. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుంచి 1974 వరకు ఖైదీల చర్మంమీద ప్రయోగాలు చేశాడన్న అపకీర్తి ఆయనను చివరిదాకా వదలలేదు. ఎవరో జైలుగోడల వెనుక ఒప్పగించిన చర్మాలనుంచి వచ్చిన విద్య ఇది. తెలిసిన తరువాత ఆ ట్యూబును తేలికగా చూడలేకపోయాను.

డాక్టరమ్మగారు మొదట మంట చల్లార్చడానికి మందిచ్చారు. నెలన్నర పైగా పట్టింది. ఉగాదినాటికి చర్మం కుదుటపడ్డాక, మొటిమలకు అసలు మందు వ్రాశారు. చీటీ చూస్తే 'అడాపలీన్ 0.1 శాతం' అని ఉంది. అదేమిటని అడిగితే, ట్రెటినోయిన్ కోవకు చెందినదే, వీటిని కలిపి రెటినాయిడ్లు అంటారు అన్నారు. నా గుండె గుభేలుమంది. "మొహం కాల్చిన ట్యూబులో ఉన్నదాని చెల్లెలినే మళ్లీ రాయమంటారా?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు, విసుక్కోనూలేదు. కాగితంమీద బొమ్మ వేసి చెప్పారు. ప్రతి రోమం మొదట్లో ఒక సన్నని గొట్టం, దానికి నూనె ఊరే గ్రంథి ఉంటాయి. గొట్టం లోపలి కణాలు ఎప్పటికప్పుడు రాలి నూనెతోపాటు బయటికి వచ్చేయాలి. యౌవనంలో అవి ఒకదానికొకటి అతుక్కుని దారి మూసేస్తాయి. వెనుక నూనె నిలిచి, సూక్ష్మజీవులు చేరి, వాచి మొటిమ అవుతుంది. రెటినాయిడ్ ఆ అతుక్కోవడాన్ని సరిచేస్తుంది.

నాకు మా వీధి మోరీ గుర్తుకు వచ్చింది. వాన కురిసి నీళ్లు ఇళ్లలోకి వచ్చాక మోరీ తోడించడం ఒక పద్ధతి. వానకు ముందే తోడించుకోవడం ఇంకొక పద్ధతి. స్టెరాయిడ్ ఆ రెండూ కాదు, మురుగుమీద తివాచీ పరవడం. రెటినాయిడ్ వానకు ముందు తోడడం. లేచిన మొటిమకంటే రేపు లేవబోయేదానిమీద దాని పని ఎక్కువ. అందుకే గడ్డమీద చుక్కపెట్టడం కాక మొహమంతా పలచగా రాయాలి. అందుకే ఫలితానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి.

"ఎంత రాయాలి?" అని మా అమ్మాయి అడిగింది. పిల్ల డాక్టరుతో అన్న మొదటి మాట అదే.

"శనగగింజంత. మొహం మొత్తానికి."

"అంతేనా?"

"అంతే. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, తోలు ఊడుతుంది."

మొదట రోజు విడిచి రోజు, రాత్రిపూట, కడిగిన మొహం పూర్తిగా ఆరాక. కళ్లకూ, పెదవుల మూలలకూ దూరంగా. పైన తేమనిచ్చే క్రీము. పగలు ఎండకు కాపు క్రీము, గొడుగు. గర్భవతులు వాడకూడదని కూడా ఆవిడ చెప్పారు. పెళ్లికాని పిల్లతో ఇదెందుకు చెబుతారని నేను కదిలాను. "ట్యూబులు చేతులు మారతాయని మీకిప్పటికే తెలుసు కదండీ" అన్నారు. నోరు మూసుకున్నాను.

ఆ వేసవి మా ఇంట్లో మరొక పరీక్ష. రెండవ వారానికి పిల్ల ముక్కు ప్రక్కలు పొట్టు రేగాయి. మూడవ వారానికి లోపల దాగినవన్నీ ఒక్కసారి పైకి వచ్చినట్టు మొటిమలు ఎక్కువయ్యాయి. ఇలా జరగవచ్చునని డాక్టరమ్మగారు ముందే చెప్పారు. చెప్పినా, చూస్తూ ఊరుకోవడం తల్లికి సులభం కాదు. మా అమ్మ అయితే, "ఆ మందు అవతల పారేయవే, పిల్ల మొహం చింతపండు చేసింది" అని రోజూ పోరు.

కాలేజీలో విచారిస్తే ఈ మందు రుచి చూసినవారు ఒకరూ ఇద్దరూ కారని తేలింది. నా విద్యార్థిని ఒకతె సరిగ్గా మూడవ వారంలోనే పడలేదని మానేసిందట. "ఇంకొక నెల ఆగవలసిందని ఎవరూ చెప్పలేదు మేడమ్" అంది. ఇంకొకతె అక్క పెళ్లి పది రోజులుందనగా తొందరపడి వేలెడు మందు పులిమి, పెళ్లి ఫోటోలన్నిటిలో చున్నీ చాటున నిలబడింది. మా లెక్కల మాస్టారి కొడుకు ట్రెటినోయిన్‌నూ, బెంజాయిల్ పెరాక్సైడ్‌నూ ఒకే పూట రాసేవాడు. రెండవది మొదటిదాని బలాన్ని చెడగొడుతుందని, ట్రెటినోయిన్ వెలుతురుకు కూడా ఆగదు కనుక రాత్రే రాయాలని, తెలిసేసరికి రెండు ట్యూబులు ఖర్చయ్యాయి. ఏడాదిగా ఓపికపట్టి చెంపలు నునుపు చేసుకున్న మా లైబ్రేరియన్ అమ్మాయిని రహస్యమేమిటని అడిగితే, "ఏమీ లేదు మేడమ్, పళ్లు తోముకున్నట్టే" అంది.

ఆరవ వారంలో ఒక రాత్రి మా అమ్మాయి ట్యూబు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"ఇక రాయను."

"ఎందుకని?"

"అది రాసిన రెండు వారాల్లో నువ్వు కళగా ఉన్నావన్నావు. ఇది రాసి ఆరు వారాలయింది. నువ్వు ఒక్క మాటా అనలేదు."

నాకు జవాబు తోచలేదు. ఆ దీపావళినాటి మాటను ఈ పిల్ల ఇన్నాళ్లూ దాచుకుని, దానితో తూచుకుంటున్నది! దుకాణంవాడు ట్యూబు అమ్మాడు, నిజమే. ఖాలా కూతురు ఇచ్చింది, అదీ నిజమే. కాని రెండవ ట్యూబు, మూడవ ట్యూబు కొనడానికి దీనిని దుకాణానికి నడిపించినది నా పొగడ్త కాదూ?

"నాకు చెప్పడానికి సిగ్గేసింది" అన్నాను చివరికి. "ఆ రోజు నేనన్న మాట తప్పు. నీ మొహం కళగా ఉందని కాదు, మొటిమలు లేని పిల్ల దొరికిందని సంతోషించాను." ఆ తరువాత నా స్టూడియో ఫోటో తీసి చూపించాను. పెళ్లికూతురి అక్కగారి కథ చెప్పాను. పిల్ల ఆ ఫోటోనూ నా చెంపనూ మార్చి మార్చి చూసి, చెయ్యి చాచి నా గుంటలను వేలితో తడిమింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని గురించి అది అడగడం అదే మొదలు.

"నొప్పి పుట్టేవా?"

"పుట్టేవి."

ట్యూబు తీసుకుని వెళ్లిపోయింది. శనగగింజంత రాసుకుందో లేదో చూడలేదు. మర్నాడు ముక్కు ప్రక్క పొట్టు చూసి, రాసుకుందని తెలుసుకున్నాను.

ఖాలా వాళ్ల అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. ఆమెకు నికా కుదిరి ఉంది. క్రీము మానితే మొహం రేగుతుందని భయం. నేను రెండుసార్లు వెళ్లి మాట్లాడాను. "పెళ్లి కానీ టీచరమ్మా, తరువాత చూద్దాం" అంది ఖాలా. 'పెళ్లయితే' అనే మాట అన్ని భాషల్లోనూ ఉన్నట్టుంది. మూడవసారి నా మాటలు ప్రక్కన పెట్టి మా అమ్మాయిని పంపాను. అది తన మొహమే చూపించి, ఎన్ని రోజులు మండిందో, ఎన్ని రోజులకు చల్లారిందో చెప్పిందట. ఆ తరువాతి వారం తల్లీకూతుళ్లు డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్లారు.

ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలనాటికి మా అమ్మాయి మందు మొదలుపెట్టి పదహారు వారాలయింది. మొహం చంద్రబింబం కాలేదు. గడ్డలు పోయాయి. గడ్డం దగ్గర రెండు చిన్నవి ఉన్నాయి. పాత మచ్చలు గోధుమరంగులో నెమ్మదిగా వెలిసిపోతున్నాయి. చెంపలమీది ఎర్రనరాలు కొంత తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. అవి పోవడానికి ఇంకా కాలం పడుతుందన్నారు డాక్టరమ్మగారు. రంగు మాత్రం దేవుడిచ్చినదే తిరిగి వచ్చింది, మా వారి చామనఛాయ.

ఆ ఉదయం బొట్టు పెట్టుకోవడానికి పూసలచట్రం అద్దంమీది కాగితాన్ని తడిపి, గోటితో గీకి, అరచేయంత మేర తీసింది. మిగతాది అలాగే ఉంచింది. నెత్తిన బోనంతో వీధిలోకి రాగానే పిన్నిగారు ఎదురై, ఎగాదిగా చూసి, "అమ్మాయి కొంచెం నల్ల..." అని మొదలుపెట్టబోయారు.

"పిన్నిగారూ, పులిహోర పంపించాను, అందిందా? ఉప్పు సరిపోయిందో లేదో చూడండి" అని ఆవిడను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను.

వెనుకనుంచి మా అమ్మాయి నవ్వు వినిపించింది. నేను తిరిగి చూసి, "బోనం బరువుగా ఉందేమిటే?" అని మాత్రం అడిగాను.

"లేదమ్మా" అంది.